రిపోర్టులో ఒక మాట, ఢిల్లీలో ఇంకో మాట: కంపెనీల వాతావరణ లాబీయింగ్‌ను కాగితాల మీద పట్టుకోవడం ఎలా

పలాస నుంచి ఒకరు, రాజాం నుంచి ఇద్దరు, చీపురుపల్లి నుంచి ఒక లెక్చరర్ గారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "కంపెనీ తన రిపోర్టులో నెట్ జీరో అని రాసుకుంటుంది, తీరా రూలు వచ్చేసరికి గడువు పెంచేస్తారు. ఆ గడువు ఎవరు అడిగారో మనకి తెలిసేదెలా మాస్టారూ?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. నెట్ జీరో అంటే వదిలే కార్బన్‌ను లెక్కలో సున్నాకి తెస్తామన్న మాట; లాబీయింగ్ అంటే రూలు తమకు అనుకూలంగా ఉండేలా సర్కారును ఒప్పించే ప్రయత్నం.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నట్టు లాబీయింగ్ చేసేవాళ్ల రిజిస్టర్ మన దగ్గర లేదు, పేరు నమోదు చేసుకోవాలన్న చట్టమూ లేదు. కాబట్టి ఏదో ఒక వెబ్‌సైట్లో మీట నొక్కితే జాబితా వచ్చేస్తుందని వెతక్కండి. మనం చేయగలిగింది మూడు రకాల కాగితాలు పక్కపక్కన పెట్టడం: కంపెనీ తన గురించి చెప్పుకున్నది, దాని తరఫున పారిశ్రామిక సంఘం సర్కారును అడిగింది, చివరికి రూలులో మారింది. మూడింటికీ తేదీలు వేసి వరసలో పెడితే చాలా వరకు కథ అదే బయటపడుతుంది.

1. మొదలుపెట్టే ముందు

ఒక్క కంపెనీ, ఒక్క రూలు. ఇది గట్టిగా పట్టుకోండి. "మన జిల్లాలో ఫ్యాక్టరీలన్నీ" అని మొదలుపెట్టినవాళ్లు ఎవరూ పూర్తి చేయగా నేను చూడలేదు.

తర్వాత పేరు. ఫ్యాక్టరీ గేటు మీద ఉన్న పేరు, స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న పేరు ఒకటే కానక్కర్లేదు. నేను మొదటిసారి గేటు మీద బోర్డు ఫొటో తీసుకొచ్చి, ఆ పేరుతో వారం రోజులు వెతికాను. ఏమీ దొరకలేదు. అది అనుబంధ సంస్థ, లిస్టింగ్ అయింది దాని తల్లి కంపెనీ అని తర్వాత తెలిసింది. ఆ ముక్క చెప్పింది కూడా నేను చదివిన కాగితం కాదు, ఆ గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్న ఆయన. "ఏటి బాబూ, జీతాల స్లిప్పు మీద వేరే పేరుంటాది కదా" అన్నాడు.

ఇవి దగ్గర పెట్టుకోండి:

☐ కంపెనీ అసలు పేరు, తల్లి కంపెనీ పేరు, లిస్టింగ్ ఉందో లేదో
☐ మీరు చూడబోయే ఒక్క రూలు: ముసాయిదా తేదీ, గెజిట్ నంబరు
☐ గత 3 ఏళ్ల వార్షిక నివేదికలు (ఒక్క ఏడాదివి చాలవు, మాట మారిందో లేదో తెలియదు)
☐ ఒక నోట్‌బుక్ లేదా ఎక్సెల్ షీట్, అయిదు గడులతో: తేదీ, ఎవరు, ఎవరికి, ఏం అన్నారు, కాగితం ఎక్కడుంది

ఆఖరి గడి ఖాళీగా ఉన్న వరుసను ఎక్కడా వాడకండి. "ఎవరో చెప్పారు" అన్నది మన టీ కొట్టు వరకే.

లిస్టింగ్ లేని కంపెనీ అయితే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో 100 రూపాయలు కట్టి దాని పబ్లిక్ డాక్యుమెంట్లు చూడొచ్చు. వార్షిక రిటర్ను, ఆడిట్ లెక్కలు ఉంటాయి. వాతావరణం గురించి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు గానీ, డైరెక్టర్లు ఎవరో, ఏ గ్రూపుదో తేలుతుంది.

2. బీఆర్‌ఎస్‌ఆర్ తెరిచి నేరుగా ఏడో సూత్రానికి వెళ్లండి

మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్ (బీఆర్‌ఎస్‌ఆర్) ఇవ్వడం 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. వార్షిక నివేదికలోనే ఉంటుంది, ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో కంపెనీ పేజీలోనూ దొరుకుతుంది.

అందులో మొక్కలు నాటే ఫొటోలు, చైర్మన్ గారి సందేశం అన్నీ దాటేయండి. ఫైలులో ఇంగ్లీషులో "ప్రిన్సిపుల్ 7" అని కొట్టి వెతకండి. మొత్తం 9 సూత్రాల్లో ఏడోది ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేయడం గురించి. మామూలుగా ఒక పేజీయే ఉంటుంది, కొందరిది అర పేజీ. స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ అయితే వెతుకులాట పనిచేయదు, అప్పుడు ఆరో సూత్రం, అంటే పర్యావరణం పేజీలు అయ్యాక చూడండి.

ఆ పేజీలో రెండు రకాల ప్రశ్నలుంటాయి. ఎసెన్షియల్ అన్నవి తప్పనిసరి, లీడర్‌షిప్ అన్నవి ఇష్టం.

తప్పనిసరి భాగంలో కంపెనీ ఎన్ని వాణిజ్య, పారిశ్రామిక సంఘాల్లో సభ్యురాలో అంకె వేయాలి, అందులో 10 పేర్లు రాయాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది గమనించరు. ఆ 10 పేర్లు ఏ లెక్కన ఎంచాలంటే, ఆ సంఘంలో మొత్తం సభ్యులు ఎంతమంది అన్నదాన్ని బట్టి. కంపెనీ ఎంత చందా కడుతోంది, ఎంత చురుగ్గా ఉంది అన్నదాన్ని బట్టి కాదు. అంటే వేలమంది సభ్యులున్న పెద్ద చాంబర్లు జాబితా పైకి వస్తాయి, పాతిక ముప్పై కంపెనీలే ఉండి ఒక్క రంగం కోసమే ఢిల్లీలో తిరిగే చిన్న సంఘం జాబితాలోకి రాకుండానే పోవచ్చు. మనకు కావాల్సింది తరచూ ఆ చిన్నదే. "సంఘాల సంఖ్య 17" అని రాసి 10 పేర్లే ఇచ్చారంటే, మిగతా 7 ఏవని వెంటనే నోట్‌బుక్‌లో ప్రశ్న రాసుకోండి.

దానికి విరుగుడు ఉంది. రివర్సులో వెళ్లండి. ఆ రంగంలో ఏ సంఘాలున్నాయో చూసి, వాటి సైట్లలో సభ్యుల పేజీ, ఆఫీస్ బేరర్ల పేజీ తెరవండి. మన కంపెనీ ఎండీనే ఆ సంఘానికి ఉపాధ్యక్షుడిగా కనిపించే సందర్భాలుంటాయి.

ఇష్టం భాగంలో మనకు కావాల్సిన అసలు పట్టిక ఉంది: ఏ విధానం కోసం వాదించారు, ఏ పద్ధతిలో, ఆ సమాచారం ప్రజలకు అందుబాటులో ఉందా, బోర్డు ఎంత కాలానికొకసారి సమీక్షిస్తుంది, వెబ్ లింకు. ఇది తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదంటే "పరిశ్రమ సంఘాల ద్వారా సంప్రదింపులు జరుపుతాం" అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. ఖాళీ కూడా సమాచారమే. ఏ ఏడాది ఖాళీ, ఏ ఏడాది నిండింది అని రాసుకోండి.

☐ సంఘాల మొత్తం అంకె, మూడేళ్లదీ
☐ పేర్లు, రాష్ట్ర స్థాయా జాతీయ స్థాయా
☐ ఏ పేరు కొత్తగా వచ్చింది, ఏది మాయమైంది
☐ విధానాల పట్టిక నిండిందా, లింకు పనిచేస్తోందా (క్లిక్ చేసి చూడండి, నమ్మకండి)

3. బోర్డులో ఎవరి మెడకు చుట్టారు

అదే రిపోర్టు సెక్షన్ బిలో రెండు ప్రశ్నలున్నాయి. ఈ సూత్రాల మీద పెట్టుకున్న విధానాల అమలు చూసే అత్యున్నత అధికారి ఎవరు, సుస్థిరత విషయాల మీద నిర్ణయం తీసుకునే బోర్డు కమిటీ గానీ డైరెక్టర్ గానీ ఉన్నారా. పేర్లు రాసుకోండి. తర్వాత వార్షిక నివేదికలో ఆ కమిటీ ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుందో చూడండి. ఒక్కసారే కూర్చున్న కమిటీ ఆ ఏడాది సర్కారుకు వెళ్లిన వినతులన్నీ చదివిందంటే నేను నమ్మను.

4. సంఘం అడిగింది ఏమిటో పట్టుకోవడం

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, తొందరపడకండి. కంపెనీలు తమ లెటర్‌హెడ్ మీద "ఈ రూలు వద్దు" అని రాయడం తక్కువ, ఆ పని సంఘానికి అప్పగిస్తాయి. చూడాల్సిన చోట్లు, నాకు ఎక్కువ దొరికిన వరసలో చెబుతాను.

విద్యుత్ నియంత్రణ కమిషన్లు. ముసాయిదా నిబంధనల మీద వచ్చిన అభిప్రాయాలను కేంద్ర కమిషన్ తన సైట్లో పెడుతుంది. ఎవరు ఏం రాశారో లెటర్‌హెడ్‌తో సహా చదువుకోవచ్చు. మన రాష్ట్ర కమిషన్ దగ్గర టారిఫ్ విచారణల్లో అభ్యంతరాలు, వాటికి డిస్కంల జవాబులు దొరుకుతాయి. విజయనగరం వైపు ఫెర్రో అల్లాయ్స్ లాంటి కరెంటు మీద బతికే పరిశ్రమల గురించి అడుగుతున్నవాళ్లు ముందు ఇక్కడికే వెళ్లండి. సౌర, పవన విద్యుత్తు ఇంత కొనాలన్న నిబంధన మీద ఏం అడిగారు, చార్జీల మీద ఏం అడిగారు అన్నది వాళ్ల మాటల్లోనే ఉంటుంది.

పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలు. వెనకాల అనుబంధాల్లో ఎవరెవరు వచ్చి సాక్ష్యం చెప్పారో ఉంటుంది.

బడ్జెట్ ముందు వినతిపత్రాలు. పెద్ద చాంబర్లు ఏటా ఆర్థిక శాఖకు ఇస్తాయి, చాలావరకు తమ సైట్లోనే పెడతాయి. వంద పేజీలుంటే బొగ్గు, కార్బన్, సెస్, ఉద్గారాలు అన్న మాటలు వెతికి అవే చదవండి.

వ్యాపార పత్రికల వార్తలు ఆఖరున. వార్త దారి చూపిస్తుంది, రుజువు కాదు. "సంఘం లేఖ రాసింది" అని చదివితే ఆ లేఖ కోసం వెతకండి.

ఇక చదివేటప్పుడు భాష అర్థం చేసుకోవాలి. "వద్దు" అనే మాట ఎక్కడా కనపడదు. "ఫేజ్డ్ మేనర్" అంటే నెమ్మదిగా, అంటే గడువు. "టెక్నో-ఎకనామిక్ ఫీజిబిలిటీ" అంటే ఖర్చెక్కువ. "లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్" అంటే పక్కవాడికి లేనిది మాకెందుకు అని. వీటిలో ఏదీ తప్పు కాదు, అడిగే హక్కు వాళ్లకుంది. మీరు చేయాల్సిందల్లా ప్రతి వినతినీ నాలుగు పెట్టెల్లో ఒకదాంట్లో వేయడం:

☐ ఇంకా గట్టిగా చేయమన్నారు
☐ ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నారు
☐ సమయం అడిగారు
☐ మినహాయింపు లేదా రద్దు అడిగారు

పెద్ద కంపెనీలయితే లండన్‌లోని ఇన్‌ఫ్లుయెన్స్‌మ్యాప్ అనే సంస్థ కంపెనీలకు, సంఘాలకు వాతావరణ లాబీయింగ్ మీద గ్రేడ్లు ఇస్తుంది, ఎఫ్ అన్నది అట్టడుగు. మీరు మీ పని పూర్తి చేశాకే అది తెరవండి. ముందే చూస్తే కళ్లు దానికి తగ్గట్టే వెతుకుతాయి.

5. రూలు ఎలా మారిందో వరుసలో పెట్టడం

ముసాయిదా ఒక చేత్తో, తుది గెజిట్ ఇంకో చేత్తో పట్టుకుని లైను లైనూ పోల్చండి. ఈ-గెజిట్ సైట్లో రెండూ దొరుకుతాయి.

నమూనాకి ఒక పేజీ నింపి చూపిస్తాను. థర్మల్ ప్లాంట్ల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితుల కథ ఇది. నిజానికి ఇది భూతాపం పెంచే వాయువు కాదు, కానీ బొగ్గు పరిశ్రమ మీద రూలు ఎలా సాగుతుందో నేర్చుకోవడానికి దీనికి మించిన పాఠం లేదు.

2015 డిసెంబర్ 7: కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్, పాత ప్లాంట్లకు 2 ఏళ్ల గడువు.
2017: గడువు తీరింది, దశలవారీగా 2022 దాకా పొడిగింపు.
2021: ప్లాంట్లను ఏ, బీ, సీ అని మూడు రకాలు చేశారు, రకాన్ని బట్టి గడువు.
2022: మళ్లీ పొడిగింపు.
2024 డిసెంబర్: ఇంకోసారి.
2025 జూలై: సీ రకానికి, అంటే ఎక్కువ ప్లాంట్లకు, చిమ్నీ ఎత్తు నిబంధనకు లోబడి మినహాయింపు.

ఇప్పుడు ప్రతి రెండు వరుసల మధ్యా ఖాళీ వదిలి, ఆ కాలంలో సంఘాలు రాసిన లేఖలు, కంపెనీ రిపోర్టుల్లో వాక్యాలు అక్కడ చేర్చండి. ఇక్కడే నిజాయితీ కూడా కావాలి. 2025 నిర్ణయానికి ఐఐటీ ఢిల్లీ, నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) లాంటి సంస్థల అధ్యయనాలను ప్రభుత్వం కారణంగా చూపింది. ఆ వరుస కూడా మీ పేజీలో ఉండాలి. మనకు నచ్చని కాగితాన్ని పక్కన పెట్టేస్తే మనమూ లాబీయింగ్ చేస్తున్నట్టే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం మంచిది, అంటే లక్ష్యం కంటే తక్కువ వదిలిన ఫ్యాక్టరీ క్రెడిట్లు అమ్ముకునే పథకం. 2023లో నోటిఫై అయింది. అల్యూమినియం, సిమెంట్, క్లోర్-ఆల్కలీ, పల్ప్-పేపర్ రంగాలకు ఉద్గారాల తీవ్రత (టన్ను ఉత్పత్తికి ఎంత వాయువు వదలొచ్చు) లక్ష్యాలు 2025లో వచ్చాయి, ముసాయిదా ఏప్రిల్‌లో, తుది రూలు అక్టోబర్‌లో. ఒక్కో ఫ్యాక్టరీ పేరుతో సహా అంకె ఉంటుంది కాబట్టి ముసాయిదాలో ఎంత, తుదిలో ఎంత అని తీసివేత వేస్తే సరి.

6. మిగతాది ఆర్టీఐతో

నా మొదటి ఆర్టీఐ దరఖాస్తు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. "ఎవరి ఒత్తిడితో గడువు పెంచారు? ఎందుకు పెంచారు?" అని ఆవేశంగా రాశాను. 29వ రోజున ఒక ఆఫీసు నుంచి ఒక్క వాక్యం వచ్చింది: ఇది సమాచారం కిందికి రాదు అని. తప్పు నాదే. ఆర్టీఐలో "ఎందుకు" అని అడగకూడదు, "ఫలానా కాగితం ఇవ్వండి" అనాలి.

ఇలా రాయండి:

"ఫలానా తేదీ, ఫలానా నంబరు ముసాయిదా నోటిఫికేషన్ మీద పారిశ్రామిక సంఘాలు, కంపెనీల నుంచి వచ్చిన అభిప్రాయాల ప్రతులు, ఆ అభిప్రాయాలను పరిశీలించిన ఫైలు నోటింగుల ప్రతులు, ఈ విషయమై ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన సమావేశాలకు హాజరైనవారి జాబితా, మినిట్స్ ఇవ్వగలరు."

కేంద్ర శాఖకైతే ఆన్‌లైన్ పోర్టల్లో 10 రూపాయలతో అయిపోతుంది, దరఖాస్తు 500 పదాలు దాటనివ్వకండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఎక్కువగా వచ్చే తిరస్కరణ సెక్షన్ 8(1)(డి), అంటే వ్యాపార రహస్యం. దీనికి అప్పీల్లో మూడు మాటలు రాయండి. ప్రజా విధానం మీద సర్కారుకు ఇచ్చిన అభిప్రాయం వ్యాపార రహస్యం ఎలా అవుతుంది అన్నది ఒకటి. సెక్షన్ 10 ప్రకారం రహస్యం ఉన్న ముక్క కొట్టేసి మిగతాది ఇవ్వొచ్చు అన్నది రెండు. సెక్షన్ 8(2) ప్రకారం ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలి అన్నది మూడు. ముఖ్య విధానాలు చేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని సెక్షన్ 4(1)(సి) చెబుతోందని కూడా తగిలించండి, నష్టం లేదు.

వేల పేజీలున్నాయి, పేజీకి 2 రూపాయలు కట్టమంటే కంగారు పడకండి. ఫైలు తనిఖీకి అవకాశం అడగండి, మొదటి గంట ఉచితం.

7. విరాళాల సంగతి

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టేశాక, 2019 ఏప్రిల్ నుంచి కొన్నవాళ్ల వివరాలు ఎన్నికల సంఘం సైట్లో పెట్టారు. 20,000 రూపాయలకు మించి వచ్చిన విరాళాల మీద పార్టీలు ఏటా ఇచ్చే నివేదికలూ అక్కడే ఉంటాయి. కంపెనీ పేరు ఉంటే తేదీ, మొత్తం రాసుకోండి, అంతే. విరాళం తేదీ పక్కన రూలు తేదీ ఉన్నంత మాత్రాన ఒకదానివల్ల ఇంకోటి జరిగిందని రాస్తే మొత్తం పని గంగలో కలుస్తుంది.

8. ఇప్పుడు కంపెనీనే అడగండి

ఒక్క షేరు కొంటే చాలు, వార్షిక సర్వసభ్య సమావేశంలో మాట్లాడొచ్చు. నోటీసు 21 రోజుల ముందు వస్తుంది, చాలా కంపెనీల సమావేశం వీడియోలోనే జరుగుతుంది కాబట్టి ఆమదాలవలసలో కూర్చుని ముంబై బోర్డును అడగొచ్చు. స్పీకరుగా ముందే మెయిల్లో నమోదు చేసుకోవాలి, ఆ గడువు నోటీసు లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది దాటితే చూస్తూ కూర్చోవడమే. తీర్మానం పెడదామని మాత్రం ఆశపడకండి, దానికి పదో వంతు వాటా కావాలి.

మాట్లాడే సమయం రెండు మూడు నిమిషాలే. ఒక్క ప్రశ్న అడగండి: "మీరు సభ్యులుగా ఉన్న సంఘాల వైఖరులను మీ వాతావరణ విధానంతో పోల్చి సమీక్ష ప్రచురిస్తారా, ఎప్పటిలోగా?" ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. బీహెచ్‌పీ గనుల కంపెనీ 2017లో అలాంటి సమీక్ష ప్రచురించింది, ఆ తర్వాత ప్రపంచ బొగ్గు సంఘం నుంచి బయటికొచ్చింది. వాతావరణ లాబీయింగ్ మీద 14 అంశాలతో 2022లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం కూడా ఇదే అడుగుతుంది.

షేరు లేకపోయినా మీ ఊళ్లో దారి ఉంది. కొత్త ప్లాంటుకో, విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, సభ వీడియో తీయాలి. సోంపేట, కాకరాపల్లి థర్మల్ ప్లాంటు పోరాటాలు చూసిన జిల్లా మనది, సభకి ఎలా వెళ్లాలో ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే, అరిచి వచ్చేయకండి. మీ నోట్‌బుక్ పేజీని రెండు ప్రతులుగా తెలుగులో రాసి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. అనుమతి వచ్చిన ప్లాంటయితే జూన్ 1, డిసెంబర్ 1 నాటికి ఇవ్వాల్సిన ఆరునెలల నివేదిక కేంద్ర పర్యావరణ అనుమతుల పోర్టల్ పరివేష్‌లో చూసి, అందులో రాసినది బీఆర్‌ఎస్‌ఆర్ ఆరో సూత్రంతో సరిపోతుందో లేదో చూడండి.

9. ఎక్కువమంది బోల్తాపడే చోట్లు

సంఘం మాటను కంపెనీ నోట్లో పెట్టడం. "ఫలానా కంపెనీ వ్యతిరేకించింది" అని కాదు, "ఫలానా కంపెనీ సభ్యురాలిగా ఉన్న సంఘం మినహాయింపు కోరింది" అని రాయండి. వాక్యం పొడుగవుతుంది, అయినా అదే నిజం.

సభ్యత్వం ఏ ఏడాదిదో చూడకపోవడం. లేఖ 2021ది, సభ్యత్వం 2024ది అయితే లెక్క కుదరదు.

లింకు మాత్రమే దాచుకోవడం. సైటు మార్చినప్పుడు పాత పేజీలు పోతాయి. ఫైలు దింపుకుని, పేరు ముందు తేదీ పెట్టి దాచండి.

బయటపెట్టే ముందు కంపెనీకి పంపకపోవడం. మీ పేజీ మెయిల్లో పంపి 15 రోజులు ఆగండి. జవాబు వస్తే అక్షరం మార్చకుండా చేర్చండి, తప్పు చూపిస్తే దిద్దండి. నాకు ఒకసారి జవాబొచ్చింది, నేను రాసిన తేదీల్లో ఒకటి నిజంగానే తప్పు. ఆరోజు చాలా టెన్షన్ పడ్డాను గానీ, అచ్చులోకి వెళ్లాక తెలిసి ఉంటే ఇంకెంత అయ్యేదో.

ఇంకోటి, చిన్నదే. అప్పీలు స్పీడ్ పోస్టులో పంపితే ఇచ్చే రసీదు థర్మల్ కాగితం. కొన్ని నెలలకే అక్షరాలు ఎగిరిపోయి తెల్లగా మిగులుతుంది, కమిషన్ విచారణ నాటికి మీ చేతిలో ఖాళీ చీటీ ఉంటుంది. పోస్టాఫీసు మెట్లు దిగకముందే ఫొటో తీసుకోండి.